మెల్నిక్‌లో ముందు నేలమాళిగ, ఆ తర్వాతే వీధి

బల్గేరియాలోకెల్లా చిన్న పట్టణం మెల్నిక్. పిరిన్ పర్వతాల నైరుతి పాదంలో, గ్రీసు సరిహద్దుకు దగ్గరగా, ఇసుకరాతి కొండల మధ్య సన్నని లోయలో ఒదిగిన ఆ ఊరిలో ఇప్పుడు స్థిరంగా ఉంటున్నవాళ్ళు మూడు వందలకు మించరు. జనాభాను చూస్తే మన వైపు ఒక చిన్న పల్లె కింద లెక్క, చరిత్రను బట్టి మాత్రం దానికి పట్టణమన్న పేరు నిలిచి ఉంది. గత అక్టోబరులో బల్గేరియా రాజధాని సోఫియా నుంచి ఒకరోజు గైడ్ యాత్రలో నేనూ మా తమ్ముడూ అక్కడికి వెళ్ళి వచ్చాం. ఉదయాన్నే బస్సు ప్రయాణం, చేరగానే వీధుల నడక, తర్వాత ఒక శిథిల భవనం, ఒక పెద్ద వర్తకుడి ఇల్లు, అన్నీ అయ్యాక చివరగా స్థానిక వైన్ రుచి చూడడం: ఇదీ మా కార్యక్రమం. ఇతర యాత్రల వివరాలు తర్వాత తెలుసుకుంటే, నేను చూసినంతవరకు వాటి వరస కూడా అదే. ఈ వరస తలకిందులుగా ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మెల్నిక్‌లో వైన్‌ను నడిచి అలసిన యాత్రికుడికి ఆఖర్న ఇచ్చే బహుమానంలా చూడకూడదు. ఆ ఊరు ఎలా బతికింది, ఎలా సంపన్నమైంది, ఎలా ఖాళీ అయింది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు మొదలయ్యేది ఇళ్ళ కింద తవ్విన నేలమాళిగల్లోనే కాబట్టి, యాత్ర కూడా అక్కడే మొదలు కావాలి.

ఈ మాట అంటున్నది మద్యాన్ని మెచ్చుకునే ఇంట్లో పెరిగిన మనిషి కాదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన కబురు ఊరూరా పాకినప్పుడు, మా ఊరి సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మరుసటి ఏడాది సారాను, 1995లో మొత్తం మద్యాన్నీ నిషేధించేదాకా సాగిన ఆ పోరాటం మా ఇంట్లో పండగల కన్నా ఎక్కువగా తలచుకునే విషయం. తాగుడు అన్న మాటకు మా ఇంట్లో ఉన్న అర్థం ఒకటే, కూలి డబ్బు ఇల్లు చేరకపోవడం. అందుకే సోఫియాలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు ఈ యాత్ర సంగతి చెప్పినప్పుడు నేను రానన్నాను. "అక్కా, నువ్వు గ్లాసు ముట్టుకోకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, ఊరు చూసి వద్దాం రా" అన్నాడు వాడు. వెళ్ళాను. వెళ్ళి వచ్చాక కూడా అమ్మ కోపం న్యాయమైనదనే అంటాను. కానీ మా ఊరికి వచ్చిన సారాకూ మెల్నిక్ వైన్‌కూ ఒక పెద్ద తేడా ఉందని అక్కడే అర్థమైంది. మా ఊళ్ళో ఎవరూ సారా పండించలేదు. వేలం పాడుకున్న వాళ్ళ దగ్గరనుంచి పాకెట్లలో వచ్చేది, ఊరి డబ్బంతా పట్టుకుపోయేది. మెల్నిక్‌లో వైన్ ఆ ఊరి నేలలోంచి పుట్టి, ఆ ఇళ్ళ కింద మాగి, బయటి లోకపు డబ్బును ఊళ్ళోకి తెచ్చింది. తాగుడు వల్ల చెడిన కుటుంబాలు బల్గేరియాలో లేవని నేను అనబోను. ఒక పంట చుట్టూ అల్లుకున్న ఊరి చరిత్రను చదవడానికి ఆ పంట ఏమిటో తెలుసుకోక తప్పదని మాత్రమే నా వాదన.

ముందు ఆ నేల గురించి చెప్పాలి. సోఫియా నుంచి దక్షిణానికి స్త్రూమా నది వెంట దాదాపు 180 కిలోమీటర్లు వస్తే, క్రెస్నా లోయ ఇరుకు దాటాక గాలి మారుతుంది. దక్షిణాన ఉన్న మధ్యధరా సముద్రపు వెచ్చదనం ఈ నదీ లోయ గుండా ఎగువకు పాకుతుంది కాబట్టి, మిగతా బల్గేరియాలో చలి మొదలయ్యే రోజుల్లో కూడా ఇక్కడ అంజూరపు చెట్లు పచ్చగా ఉంటాయి. ఆ తర్వాత కొండలు కనిపిస్తాయి. వాటిని కొండలు అనడం కన్నా ఎవరో ఇసుకతో కట్టి సగంలో వదిలేసిన గోపురాలు అనవచ్చు. లక్షల ఏళ్ళుగా పేరుకున్న ఇసుకరాతి పొరలను వాన నీరు కోసుకుంటూ పోగా మిగిలిన శిఖరాలవి. కొన్ని నూరు మీటర్ల దాకా ఎత్తు ఉంటాయి. స్థానికులు వాటిని మెల్నిక్ పిరమిడ్లు అంటారు. ఊరి మధ్య వాగు మేము వెళ్ళిన రోజున చాలావరకు ఎండి, గులకరాళ్ళు తేలి ఉంది. దాని రెండు ఒడ్డుల మీదా తెల్లని గోడలు, రాతి పునాదులు, ముందుకు పొడుచుకు వచ్చిన కొయ్య అంతస్తులతో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్లు కొండ వాలు మీద నిలబడి ఉన్నాయి.

మా గైడ్ ముందుగా చూపించింది బొల్యార్ల ఇల్లు అని పిలిచే శిథిలాన్ని. మధ్యయుగపు ప్రభువర్గపు నివాసం అది. ఇటుకా రాయీ కలిపి కట్టిన గోడలు, కిటికీ తావుల్లోంచి ఆకాశం తప్ప పైన ఏమీ మిగలలేదు. 13వ శతాబ్దపు తొలి దశకాల్లో అలెక్సీ స్లావ్ అనే ప్రభువు బల్గేరియా రాజ్యం నుంచి విడిపోయి, మెల్నిక్‌ను రాజధానిగా చేసుకుని స్వతంత్రంగా ఏలాడు. ఆ కాలం గురించి ఆమె బాగా చెప్పింది, నేను శ్రద్ధగా విన్నాను. అయినా ఆ గోడల ముందు నిలబడిన అరగంటలో నాకు ఊరు అందలేదు. పేర్లు, సంవత్సరాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఈ ఇసుక దిబ్బల మధ్య అంత సంపద ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

జవాబు కోర్డోపులోవ్ ఇంట్లో దొరికింది. 1754లో కట్టిన ఆ ఇల్లు ఒక గ్రీకు వర్తక కుటుంబానిది, బాల్కన్ ప్రాంతంలో ఆ కాలపు ఇళ్ళలో పెద్దవాటిలో ఒకటి. మేడ మీది పెద్ద గదిలో రెండు వరసలుగా 24 కిటికీలు ఉన్నాయి, పై వరసకు వెనిస్ రంగుటద్దాలు. మధ్యాహ్నపు ఎండ ఆ అద్దాల్లోంచి పడి చెక్క నేల మీద ఎర్రగా, పచ్చగా జరుగుతుంటే మాతో వచ్చిన వాళ్ళంతా ఫోటోలు తీసుకున్నారు, మేమూ తీసుకున్నాం. అక్కడ చాలాసేపు ఆగాం. కిందికి దిగే వంతు వచ్చేసరికి సమయం తక్కువగా ఉందని గైడ్ తొందరపెట్టింది. ఆ తొందర దగ్గరే నా అభ్యంతరం మొదలైంది.

ఆ ఇంటి అసలు గది కిందదే. కొండలోకి నేరుగా తవ్విన సొరంగం అది. వంగి నడవాల్సిన చోట్లు ఉన్నాయి, పక్కలకు చీలిన గూళ్ళు ఉన్నాయి, వాటిల్లో నల్లబడిన పీపాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది పన్నెండున్నర టన్నుల వైన్ పట్టేదని చెబుతారు. మనిషి నిలువెత్తుకు మించిన దాని గుండ్రని ముఖం ముందు నిలబడితే పైన చూసిన రంగుటద్దాల ఖరీదు ఎవరు కట్టారో అర్థమవుతుంది. గోడ మీద బొటనవేలి గోటితో మెల్లగా గీసి చూశాను. ఇసుక సన్నగా రాలి అరచేతిలో పడింది, తడిగా లేదు, చల్లగా ఉంది. గోటికే లొంగే ఆ రాతిని గునపంతో తవ్వడం కష్టం కాదు, తవ్వాక అది కూలకుండా నిలుస్తుంది, ఎండాకాలం వేడినీ శీతాకాలపు మంచునూ లోపలికి రానివ్వక ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. వైన్ చెడకుండా ఏళ్ళ తరబడి నిలవ ఉండాలంటే కావలసింది సరిగ్గా ఆ నిలకడైన చల్లదనమే. ఇసుకరాయి లేకపోతే సొరంగం లేదు, సొరంగం లేకపోతే దూరదేశపు బేరం లేదు, బేరం లేకపోతే మేడ మీద 24 కిటికీలు లేవు. వెనిస్, డుబ్రోవ్నిక్, ఆస్ట్రియాల దాకా ఇక్కడి సరుకు వెళ్ళిందని పైన గదిలో విన్న మాట నాకు కిందికి దిగాక గాని నమ్మకంగా అనిపించలేదు. ముందు ఈ చీకట్లో నిలబెట్టి, ఆ తర్వాత మేడ ఎక్కించి ఉంటే ఆ కిటికీలను మేమందరం ఇంకోలా చూసేవాళ్ళం.

ఇక ద్రాక్ష సంగతి. ఇక్కడి ప్రత్యేక రకాన్ని షిరోకా మెల్నిష్కా లోజా అంటారు, అంటే వెడల్పాకు మెల్నిక్ తీగ అని. ఈ స్త్రూమా లోయలో తప్ప ఇది పెద్దగా ఎక్కడా పండదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను ఎరిగిన మనకు ద్రాక్ష అంటే లావుగా, నీరు నిండి, కొరకగానే చిట్లే పండు. మెల్నిక్ ద్రాక్ష పండు చిన్నది, తొక్క మందం, నోట్లో వేసుకుంటే గుజ్జు కన్నా తొక్కనే ఎక్కువగా నమలాలి. వైన్‌కు కావలసిన రంగూ వగరూ ఆ తొక్కలోనే ఉంటాయి. దీని అసలు ఇబ్బంది ఆలస్యం. మిగతా రకాలు సెప్టెంబరులో కోతకు వస్తే ఇది అక్టోబరు నడిమికి గాని పండదు. ఆలోపు శరత్కాలపు వానలు పట్టుకుంటే ఏడాది కష్టమంతా తీగ మీదే కుళ్ళిపోతుంది. ఆ భయం వల్లే పక్కనున్న సాందాన్‌స్కి పట్టణంలోని ప్రయోగ కేంద్రంలో శాస్త్రవేత్తలు దీన్ని ఇతర రకాలతో సంకరం చేసి, కొన్ని వారాల ముందే పండే మెల్నిక్ 55 అనే రకాన్ని తయారు చేశారు. సోషలిస్టు ప్రభుత్వ కాలంలో వైన్ తయారీ అంతా విన్‌ప్రోమ్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేది. సోవియట్ యూనియన్‌కు పెద్ద ఎత్తున పంపాల్సిన రోజుల్లో పరిమాణానికే విలువ. అలాంటి కాలంలో ఆలస్యంగా పండే, వానకు భయపడే ఒక స్థానిక రకం పూర్తిగా కనుమరుగు కాకుండా నిలవడం చిన్న విషయం కాదని నేననుకుంటాను.

రుచి చూడడానికి మమ్మల్ని కొండను తొలిచిన మరో చిన్న నేలమాళిగకు తీసుకెళ్ళారు. బల్ల మీద రొట్టె, సిరెనే అనే ఉప్పటి తెల్ల జున్ను, మూలికల పొడి కలిపిన ఉప్పు పెట్టారు. మొదట కెరత్సుదా అనే స్థానిక రకంతో చేసిన తెల్లని వైన్, తర్వాత మెల్నిక్ 55, చివర వెడల్పాకు తీగది. ఒక్కొక్క గ్లాసులో రెండు గుక్కలకు మించి పోయలేదు. నేను గుక్కను నోట్లో తిప్పి, సగం మింగి, సగం పక్కనున్న చిన్న పాత్రలో ఉమ్మేశాను, అలా చేయడం అక్కడ తప్పేమీ కాదు. గైడ్ చెర్రీ అంది, పొగాకు అంది, తోలు అంది. తన ఊరి వాసనలతో ఆమె చెప్పిన ఆ పోలికలు సరైనవే అయి ఉండాలి. కానీ చివరి గ్లాసు నాలుక మీద పడగానే నాకు తట్టింది వేరే మాట. వగరు. నేరేడు పండ్లు తిన్నాక నాలుక వెనక్కి లాక్కున్నట్లయ్యే ఆ బిగువు, బుగ్గల లోపలి తడి ఒక్కసారి ఆరిపోయినట్లనిపించడం, ఆ వెనకే నెమ్మదిగా వచ్చే పులుపు. తమ్ముడి చెవిలో నేరేడు పండు అన్నాను, వాడు వెంటనే అవునన్నాడు.

ఈ సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. వైన్ రుచి చూడడం మనకు రాని విద్య అని, దానికి వేరే సంస్కారం కావాలని మన వాళ్ళలో ఒక బెరుకు ఉంది. ఉగాది పచ్చడిలో ఆరు రుచులనూ విడివిడిగా గుర్తుపట్టమని పిల్లలకు నేర్పే ఇళ్ళు మనవి. వగరును ఒక పూర్తి రుచిగా లెక్కపెట్టే భాష మనది. ఎర్ర వైన్‌లో నిపుణులు వెతికేవాటిలో ముఖ్యమైనది, ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్ అనే పదార్థం కలిగించే ఈ వగరే. వక్క నమిలినవాళ్ళకూ, పచ్చి అరటికాయ కోసి చేతులు నల్లబడినవాళ్ళకూ దాన్ని వివరించి చెప్పాల్సిన పని లేదు. మెల్నిక్ 55లో అది మెత్తగా ఉంది, పండు తీపి ముందుకొస్తుంది. వెడల్పాకు తీగ వైన్‌లో అది గట్టిగా నిలబడి, నేలమాళిగలో ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిగా లొంగుతుంది. వ్యాపారులు ఇంత లోతుగా సొరంగాలు తవ్వి ఇంత కాలం దాచింది ఎందుకో ఆ వగరే చెబుతుంది. బల్ల దగ్గర మాకు ఈ సంబంధం ఎవరూ చెప్పలేదు. సొరంగం ఒక గంట ముందు చూసిన వింత, గ్లాసు ఇప్పుడు తాగే పానీయం, రెండూ వేర్వేరు అన్నట్లే జరిగింది.

దాని బదులు మాకు చర్చిల్ కథ చెప్పారు. బ్రిటిష్ ప్రధానిగా పనిచేసిన విన్‌స్టన్ చర్చిల్‌కు మెల్నిక్ వైన్ అంటే ప్రాణమని, ఏటా 500 లీటర్లు తెప్పించుకునేవాడని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. అది నిజమని నిరూపించే ఒక్క కాగితమూ ఎవరూ చూపించలేదు. దేశదేశాల్లో ఏదో ఒక మద్యానికి ఇలాంటి ఒక ప్రముఖుడి ఆమోదముద్ర ఉంటుంది, అదొక వ్యాపారపు అలవాటు. ఆ కథ చెప్పినందుకు నాకు గైడ్ మీద కోపం లేదు, వినేవాళ్ళు అడిగి మరీ చెప్పించుకున్నారు. నా బాధంతా ఆ కథ ఆక్రమించిన చోటు గురించి. వైన్ చేతిలో పట్టుకుని, అందరూ కూర్చుని, మాట వినడానికి సిద్ధంగా ఉన్న ఆ పది నిమిషాలు యాత్ర మొత్తంలో విలువైనవి. ఊరి వాళ్ళ కథ చెప్పాల్సిన ఆ సమయం, ఈ ఊరు ఎప్పుడూ చూడని ఒక మనిషి కథకు పోయింది.

ఊరి వాళ్ళ కథ ఏమిటంటే, వాళ్ళు లేరు. 1900 ప్రాంతంలో మెల్నిక్‌లో నాలుగు వేలకు పైగా జనం ఉండేవారు. అందులో సగానికి పైగా గ్రీకులు. మిగిలినవాళ్ళు తురుష్కులు, బల్గేరియన్లు, ఇంకా ఇతరులు. అప్పటికి ఇది ఆటోమన్ సామ్రాజ్యంలో భాగం. 1912 అక్టోబరులో మొదటి బాల్కన్ యుద్ధంలో బల్గేరియా పక్షం దీన్ని గెలుచుకుంది. ఆ విముక్తి సంగతీ, అందులో పాల్గొన్న యానే సాందాన్‌స్కి అనే విప్లవకారుడి సంగతీ, 1915లో ఆయన ఇక్కడికి దగ్గరలోని రోజెన్ మఠం సమీపంలో హత్యకు గురికావడం సంగతీ గైడ్ మాకు వివరంగా చెప్పింది. ఆ విముక్తి మరుసటి వేసవి సంగతి మాత్రం చెప్పలేదు. 1913లో నిన్నటి మిత్రులే ఒకరితో ఒకరు తలపడిన రెండో బాల్కన్ యుద్ధంలో గ్రీకు సైన్యం మెల్నిక్‌లోకి వచ్చింది. ఆగస్టు 10న కుదిరిన బుఖారెస్ట్ సంధి ఊరిని బల్గేరియాకు ఇచ్చింది. గ్రీకు సైన్యం వెనుదిరిగినప్పుడు ఊరి గ్రీకులు కూడా ఇళ్ళు వదిలి దాని వెంట వెళ్ళిపోయారు. వాళ్ళలో చాలామంది అప్పట్లో దెమిర్ హిసార్ అని పిలిచే, నేటి సిదిరోకాస్త్రో పట్టణంలో స్థిరపడ్డారు. ఆ యుద్ధంలోనే ఊరు తగలబడింది. నిప్పు పెట్టింది ఎవరన్న దానికి రెండు దేశాల కథనాలూ వేలు ఎదుటివారి వైపే చూపిస్తాయి. ఒక పట్టణం కొద్ది వారాల్లో పల్లె అయింది, మళ్ళీ ఎన్నడూ ఆ జనసంఖ్యకు చేరలేదు. 1968లో మెల్నిక్‌ను సంరక్షిత పట్టణంగా ప్రకటించి పాత ఇళ్ళకు రక్షణ కల్పించారు. మనం ఫోటోలు తీసుకునే తెల్లని ఇళ్ళు ఆ మంటల్లోంచి మిగిలినవీ, తర్వాత బాగుచేసుకున్నవీ.

ఇదంతా నేను వెళ్ళే ముందు చదువుకున్నాను కాబట్టి, మూడో గ్లాసు ముందున్నప్పుడు గైడ్‌ను అడిగాను: "కోర్డోపులోవ్ వీధిలో ఉన్న మిగతా ఇళ్ళవాళ్ళు ఎటు వెళ్ళారో మీకు తెలుసా?" ఆమె తల అడ్డంగా ఊపింది. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని అర్థం, నిలువుగా ఊపితే కాదని. తల అటూ ఇటూ ఆడించి సరేననే మన వాళ్ళ మధ్య పెరిగినదాన్ని కాబట్టి నేను తికమక పడలేదు. ఆమె సీసా బల్ల మీద పెట్టి కూర్చుంది. తన ముత్తవ్వ అటు నుంచి వచ్చిందని చెప్పింది. ఇప్పుడు గ్రీసులో ఉన్న సెరెస్ దగ్గరి ఒక పల్లె నుంచి, బల్గేరియన్ మాట్లాడినందుకు ఊరు వదలాల్సి వచ్చి, ఇద్దరు పిల్లలతో ఈ లోయలోకి నడిచి వచ్చిందట. మెల్నిక్ గ్రీకులు దక్షిణానికి పోతున్న బాటలోనే ఈమె ఉత్తరానికి వచ్చింది. దారిలో ఎదురుపడి ఉంటారా అని తాను చిన్నప్పుడు అడిగేదట. ముత్తవ్వ ఆ ప్రశ్నకు ఎప్పుడూ జవాబు చెప్పలేదట.

మరి ఈ సంగతి యాత్రలో ఎందుకు చెప్పరని అడిగాను. సెలవు రోజున వచ్చినవాళ్ళు సంతోషంగా ఉండాలని కోరుకుంటారని, ఒకసారి చెబితే వాతావరణం బరువెక్కిందని, తర్వాత నిర్వాహకులు వద్దన్నారని అంది. నేను ఆమె మాటను తేలిగ్గా కొట్టిపారేయను. ఊరిలో మిగిలిన ఆ కొద్దిమంది బతుకు ఎక్కువగా యాత్రికుల మీదే ఆధారపడి ఉంది. విడిది ఇళ్ళు, భోజనశాలలు, అంజూరపు మురబ్బా అమ్మే అవ్వలు, చిన్న నేలమాళిగల యజమానులు, అందరికీ ఆదివారపు రద్దీ కావాలి. అయితే ఆమె మాట్లాడిన ఆ పావుగంటలో మా బల్ల దగ్గర ఎవరూ ఫోన్ తీయలేదు. చర్చిల్ కథకు నవ్విన ఇద్దరు జర్మన్ దంపతులు వెడల్పాకు తీగ వైన్ రెండు సీసాలు ఆ తర్వాతే కొన్నారు. బరువైన మాట చెబితే బేరం పోతుందన్న భయం, కనీసం ఆ రోజు, ఆ బల్ల దగ్గర, నిజం కాలేదు. ఊరిని గౌరవించే కథకు యాత్రికుడు చెవి ఒగ్గడన్నది మనం యాత్రికుడి గురించి ముందే వేసుకున్న తక్కువ అంచనా.

యాత్ర చివర్లో ఇచ్చిన అభిప్రాయ పత్రంలో నేను వివరంగా రాశాను. బస్సు దిగగానే నేలమాళిగకు తీసుకెళ్ళండి. గోడ ఇసుకను ముట్టుకోనివ్వండి. రెండే గుక్కలు, ఖాళీ కడుపున కాకుండా రొట్టెతో, మెల్నిక్ 55 నుంచీ వెడల్పాకు తీగ నుంచీ ఒక్కొక్కటి పోయండి. వగరు ఎందుకుందో, అది తగ్గడానికి ఎన్నేళ్ళు పడుతుందో, ఆ ఏళ్ళు ఎవరు ఓపిక పట్టారో అక్కడే చెప్పండి. ఆ తర్వాత మేడ ఎక్కించండి, ఆ తర్వాత వీధి, చివరగా బొల్యార్ల ఇల్లు. సమయం మిగిలితే ఆరేడు కిలోమీటర్ల దూరంలోని రోజెన్ మఠం. తాగనివాళ్ళకు ద్రాక్షపండ్లు ఇవ్వండి, అక్టోబరులో వాటికి కొదవ లేదు. తొక్క నమిలినా వగరు తెలుస్తుంది. మా అమ్మ ఎప్పుడైనా వస్తే ఆమెకు సరిపడే యాత్ర ఇదేనని కూడా రాశాను, ఆ వాక్యం వాళ్ళకు అర్థం కాకపోవచ్చు.

బస్సు ఊరు దాటుతుంటే దారి పక్క తోటల్లో కోత జరుగుతోంది. ట్రాక్టర్ ట్రాలీల్లో నల్లని గుత్తులు నింపుతున్నారు, తలగుడ్డలు కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు తీగ కింద వంగి చిన్న కత్తులతో కోస్తున్నారు. తేదీ గుర్తుకొచ్చి నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. సంధి కుదిరింది ఆగస్టు 10న. ఈ ద్రాక్ష పండేది అక్టోబరు నడిమికి. ఆ వేసవిలో మెల్నిక్ గ్రీకులు ఊరు విడిచే నాటికి గుత్తులు ఇంకా రంగు కూడా పూర్తిగా తిరిగి ఉండవు. పచ్చి పంటను తీగ మీదే వదిలేసి వెళ్ళి ఉంటారు. రెండు నెలల తర్వాత అది పండినప్పుడు దాన్ని ఎవరు కోశారో, అసలు ఎవరైనా కోశారో లేదో తెలుసా అని ముందు సీటులో ఉన్న గైడ్‌ను అడిగాను. ఈసారి ఆమె తల నిలువుగా ఊపింది.